పద్నాలుగో రోజు హుకుం

సిరిసిల్ల,
14 సెప్టెంబర్ 2011

తరన్నుమ్ మేడమ్ గారికి, పాత రూమ్మేటు ఊర్మిల వంగి వంగి చేసే సలాములు.

నువ్వు బాగున్నావని నాకు తెలుసు. సమ్మెలో కాలేజీ మూసుకొని, జగిత్యాల గదికి తాళం వేసి, కోరుట్లలో మీ అమ్మీ చేతి వంట తింటూ కూర్చున్నావట. బయోకెమిస్ట్రీ చెప్పించుకునే పిల్లలు లేరని బాధపడకు. నీకు ఒక విద్యార్థిని దొరికింది. వయసు ఇరవై ఏడు, చదువులో మందం, పరీక్ష మాత్రం దగ్గర్లోనే ఉంది.

సంగతి ఇది. మా ఆయన దుబాయి నుంచి వచ్చి రెండు వారాలైంది. అక్టోబర్ పదిహేనున మళ్ళీ విమానం ఎక్కాలి. పెళ్ళయిన ఐదేళ్ళలో మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే ఏడు నెలలు దాటవు. నా నెలసరేమో రెండు నెలలకో మూడు నెలలకో, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఆయన సెలవు, నా నెల ఒక్కసారి కూడా కలిసి రాలేదు. ఈసారి ముందుగానే జగిత్యాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె మందులిచ్చి నెల తెప్పించింది. నిన్న పదమూడున వచ్చింది. నిన్ననే సకల జనుల సమ్మె కూడా మొదలైంది. మా మరిది రాజేందర్ జెండా పట్టుకొని వీధిలోకి, నేను వేడినీళ్ళ సీసా పట్టుకొని గదిలోకి.

ఈ రోజు నుంచి ఐదు రోజులు వేరే గోలీలు మింగాలి. పన్నెండో రోజు స్కానింగ్‌కు జగిత్యాల రమ్మంది. ఎలా వెళ్ళను? అప్పటికి బస్సులూ ఆగిపోతాయంటున్నారు. ఆటోవాళ్ళు వేములవాడ దాటి రామంటున్నారు. ఈసారి తప్పితే ఆయన మళ్ళీ వచ్చేది రెండేళ్ళకు. నాకు ఒక పసిపిల్ల కావాలి తరన్నుమ్. ఎవరో అడుగుతున్నారని కాదు, నాకే కావాలి. నా లోపల ఏం జరుగుతోందో, ఈ గోలీ ఏం చేస్తోందో నువ్వు రాసి పంపు. తెలియకుండా మింగడం నాకు చేతకాదు.

ఫోన్ చేయకు. మా అత్త చిన్నవ్వకు నలభై ఏళ్ళు మరమగ్గాల మీద పనిచేసి ఆ సాంచాల మోతకు చెవులు పోయాయి. అందుకని ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే మోగుతుంది, వాడకట్టంతా వింటుంది. ఉత్తరమూ అంతే. నా పేరుతో వచ్చినా సరే, రాజేందర్ అరుగు మీద నిలబడి మీటింగ్ గొంతుతో చదవాలి, ఆమె వినాలి. మా ఇంటి మర్యాద అది. కాబట్టి మారు మాటల్లో రాయి. అండాశయాన్ని మా సాంచాల కార్ఖానా అను. తలలోని గ్రంథిని సేఠ్ ఆఫీసు అను. డాక్టరమ్మ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అని రెండు పేర్లు చెప్పింది, వాటికి నువ్వే పేర్లు పెట్టు. ఇక్కడ అందరివీ మగ్గం బతుకులే, ఎవరికీ అనుమానం రాదు.

బడిలో నేర్చిన తెలుగులోనే రాస్తున్నాను. రాజేందర్ చూస్తే "ఇంకా గీ ఆంధ్రోళ్ల బాసేంది వదినె" అంటాడు. చేయి అలా తిరిగిపోయింది, ఏం చేయను?

నీ ఊర్మిల


కోరుట్ల,
17 సెప్టెంబర్ 2011

ఊర్మిలకు ఆశీస్సులు. చిన్నవ్వ గారికి నమస్కారాలు. గొంతు చించుకొని చదువుతున్న రాజేందర్‌కు ప్రత్యేక నమస్కారాలు, మధ్యలో మంచినీళ్ళు తాగమని మనవి.

మీ కార్ఖానా సంగతి విచారించాను. అందులో ప్రతి గదిలోనూ రెండు ఇళ్ళున్నాయి, బయటి ఇల్లు, లోపలి ఇల్లు. మధ్యలో పలచని గోడ. పై ఆఫీసులో ఇద్దరు సేఠ్‌లు. ఒకరు ఎల్లయ్య సేఠ్, ఇంకొకరు ఫకీర్ సేఠ్. ఎల్లయ్య కేక వేస్తే బయటి ఇల్లు ముతక బట్ట నేస్తుంది. అది మగవాళ్ళ బట్ట. దాన్ని గోడ దాటించి లోపలి ఇంటికి అందిస్తే, అక్కడివాళ్ళు ఫకీర్ సేఠ్ మాట విని ఆ నేసిన బట్టను కండెలకు చుట్టి, రంగుల్లో ముంచి చీరలు చేస్తారు. బయటివాళ్ళకు చీర చేయడం రాదు, లోపలివాళ్ళకు ముతక బట్ట నేయడం రాదు. ఒకరు లేకపోతే ఇంకొకరి పని సాగదు.

మీకు వచ్చిన చిక్కల్లా ఎల్లయ్య రోజంతా అరుస్తున్నాడు, ఫకీర్ నోట్లోనే గొణుగుతున్నాడు. ముతక బట్ట గుట్టలు పడింది, చీరలు లేవు. అద్దం తీసుకొని గడ్డం కింద చూసుకో ఊర్మిలా, ముతక బట్ట ఎంత ఎక్కువైందో నీకే తెలుస్తుంది. గదులన్నీ సగం పనిలో ఆగి కూర్చున్నాయి.

అందుకే ఐదు రోజుల కోసం ఒక కొత్త గుమాస్తాను పెట్టారు. వాడికి తెలిసిన విద్య ఒక్కటే, అబద్ధం. పై ఆఫీసు గుమ్మంలో కూర్చొని "చీరలు ఒక్కటి గూడ రాలేదు సేఠ్" అంటూ ఉంటాడు. పైవాళ్ళు కంగారుపడతారు, ఫకీర్ గొంతు పెంచుతాడు, లోపలి ఇల్లు లేచి పనిలో పడుతుంది. మామూలుగా చీరలు ఎక్కువైతే పై ఆఫీసు "ఇక చాలు" అంటుంది. కానీ రెండు రోజులు ఏకధాటిగా గుట్టలు గుట్టలుగా వస్తే మాత్రం చాలు అనడం మరచిపోయి, ఆనందం పట్టలేక ఎల్లయ్య సేఠ్ చేత పెద్ద హుకుం పంపుతుంది. పదమూడో తారీకు నుంచి లెక్కపెడితే పద్నాలుగో రోజున గోడ బద్దలవుతుంది. లోపలున్నది బయటికి వస్తుంది. దానికి ఉన్న గడువు ఒక్క రోజే. ఆ రోజు మీ పెద్దాయన తప్పకుండా హాజరు కావాలి. ముందు రోజు నుంచే సిద్ధంగా ఉంటే మరీ మంచిది.

స్కానింగ్ లేకపోయినా హుకుం ఆగదు. ధైర్యంగా ఉండు.

నీ తరన్నుమ్


సిరిసిల్ల,
21 సెప్టెంబర్ 2011

తరన్నుమ్,

రాజేందర్ అరుగు మీద నీ ఉత్తరం చదువుతుంటే నేను లోపల దిండు నోట్లో కుక్కుకొని నవ్వాను. మా ఆయన సిగ్గుతో పెరట్లోకి వెళ్ళి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

రాజేందర్ చదవడం ముగించి, ఉత్తరం మడిచి, తన జేబులో పెట్టుకున్నాడు. నా ఉత్తరం తన జేబులో! తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగాడు.

"వదినె, గీ తరన్నుమ్ మేడమ్ జగిత్యాల జేఏసీల ఉన్నదా?"

"అందరు లెక్చరర్లు ఉన్నట్టే ఉన్నది" అన్నాను. అదే నా తప్పు.

"అనుకున్న. సమ్మె పదమూడు తారీకు మొదలైంది. పద్నాలుగో రోజంటే ఇరవై ఆరు. గోడంటే ఏ గోడనో నాకెర్కనే. పోలీసోళ్లు టపా సదువుతున్నరని గిట్ల సాంచాల ముచ్చట లెక్క రాసింది. మస్తు తెలివిగల్ల మేడం వదినె! ఎల్లయ్య సేఠ్ అంటే పెద్ద లీడర్ మారు పేరు. ఫకీర్ సేఠ్ ఎవలో గదొక్కటి సమజైతలేదు."

నేనేం చెప్పాలి నువ్వే చెప్పు. కాదు రాజేందర్, ఎల్లయ్య సేఠ్ నా తలకాయలో ఉంటాడు అనాలా? నోరు మూసుకున్నాను. అతను అప్పుడే నలభై మందికి చెప్పి వచ్చాడు. ముతక బట్ట అంటే జనమట, చీరలు అంటే ఆడవాళ్ళను కూడా తీసుకురమ్మని అర్థమట.

మా అత్త మాత్రం వక్క నములుతూ "నేసినంక కండెలు సుడ్తరాయె?" అని ఒక్క మాట అడిగింది. రాజేందర్ విసుక్కున్నాడు. తరన్నుమ్, ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, దారాన్ని కండెలకు చుట్టేది నేయడానికి ముందు. నేసిన బట్టను కండెకు చుట్టే కార్ఖానా నీ కోరుట్లలోనే ఉండాలి.

గోలీలు అయిపోయాయి. కడుపులో ఎడమ పక్క కొంచెం బరువుగా ఉంది. భయమూ ఆశా రెండూ కలిసి ఉన్నాయి.

నీ ఊర్మిల


కోరుట్ల,
23 సెప్టెంబర్ 2011

ఊర్మిలా,

ఆపు! వాణ్ణి ఆపు! ఏదో ఒకటి చెప్పు. మేడమ్‌కు మతి లేదని చెప్పు, ఉత్తరం వేరే ఊర్మిలకు రాసిందని చెప్పు. నా పేరు మీద సిరిసిల్లలో గోడ కూలితే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు, అమ్మీ ఇంట్లోంచి తీసేస్తుంది.

కండెల సంగతి నాకేం తెలుసు? చీర కట్టడమే సరిగ్గా రాని మనిషిని చీర నేయడం రాయమన్నావు.

అన్నిటికంటే ముఖ్యం, ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు దాకా మీ ఆయన జలపతి అన్నను గడప దాటనీయకు. గోడ ఏ గంటకు పగులుతుందో చెప్పేవాళ్ళు లేరు. తెలంగాణకు ఆయన ఒక్కరోజు రాకపోయినా నడుస్తుంది, నీకు నడవదు.

ఈ ఉత్తరం టైముకు అందాలని అల్లాను వేడుకుంటున్నాను. బస్సులు ఆగినా టపా నడుస్తోందంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు.

తరన్నుమ్


సిరిసిల్ల,
28 సెప్టెంబర్ 2011

తరన్నుమ్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అంటే అంతా అయిపోయాక. ఇప్పుడు కూర్చొని విను, చేతిలో టీ గ్లాసుంటే పక్కన పెట్టు.

సోమవారం ఇరవై ఆరు. పొద్దున్నే రాజేందర్ వచ్చి అన్న చేయి పట్టుకున్నాడు. "నువ్వు రావాలె అన్న. పెద్దాయన తప్పకుండ హాజరు కావాలె అని లెటర్ల ఉన్నది" అన్నాడు. మా ఆయన నా ముఖం చూశాడు. నేను కళ్ళతో వద్దన్నాను. కానీ తమ్ముడికి ఏ కారణం చెప్పి ఆగుతాడు? "గంటల అస్త" అని నాతో మెల్లగా అని వెళ్ళాడు.

రెండు వందల మంది ఒక సర్కారు ఆఫీసు ప్రహరీ గోడ ముందు కూర్చున్నారట. డప్పులు, పాటలు, అన్నీ గోడకేసి చూస్తూనే. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అది తనంతట తాను బద్దలవుతుందని నీ ఉత్తరంలో ఉంది కదా! పన్నెండయింది. గోడ అలాగే ఉంది. పోలీసులు వచ్చారు.

"ఎందుకు కూసున్నరయ్యా గీడ?"

"గోడ పలుగుతదట సార్."

"ఎవలు పలగగొడ్తరు?"

"ఎల్లయ్య సేఠ్."

పదహారు మందిని వ్యాన్‌లో ఎక్కించారు. మా ఇద్దరు అన్నదమ్ములూ అందులో ఉన్నారు. పొద్దుగూకాక వదులుతారో, రేపు వదులుతారో తెలియదన్నారు. ఆ కబురు విని నేను గదిలో కూర్చొని ఏడ్చాను. నిజంగా ఏడ్చాను తరన్నుమ్. ఐదేళ్ళకు ఒక్క రోజు దొరికితే అది ఠాణాలో పోతోంది, అదీ మన ఆకతాయితనం వల్ల.

అప్పుడు మా అత్త లోపలికి వచ్చింది. "లెవ్వు. మొకం కడుక్కో. పోదాం పా" అంది. ఎండలో నన్ను నడిపించుకుంటూ ఠాణాకు తీసుకెళ్ళింది. ఎస్సై ముందు నిలబడి, ఆమెకు వినపడదు కాబట్టి లోకానికి కూడా వినపడదనుకునే గొంతుతో మొదలుపెట్టింది.

"సారూ, నా చిన్న కొడుకును ఎన్ని దినాలన్న పెట్టుకో. అన్నం గూడ నేనే పంపుత. పెద్దోన్ని మాత్రం గిప్పుడే ఇడువు."

"గదెట్లయితదవ్వా? ఎందుకు?"

"గీ పొల్లకు గియ్యాల పద్నాలుగో రోజు. గా లెటర్ల రాసిన గోడ గీమె కడుపుల ఉన్నది. నా కొడుకు గీడ కూసుంటే గాడ పలిగి ఏం ఫాయిద?"

ఎస్సై రిజిస్టర్‌లోకి తల దూర్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గోడవైపు తిరిగారు. నేను చీర కొంగు ముఖం నిండా కప్పుకున్నాను. ఒక ఆడ కానిస్టేబుల్ మాత్రం లేచి వెళ్ళి తలుపు తీసింది. "పో అన్నా, జల్ది పో" అంది. మా ఆయన తువ్వాల నెత్తిన వేసుకొని బయటికి వస్తుంటే లోపలున్న పదిహేను మంది లేచి నిలబడి జై తెలంగాణ అన్నారు. అందులో రాజేందర్ గొంతు లేదు. అతను ఉత్తరం తీసి మొదటినుంచి మళ్ళీ చదువుకుంటున్నాడట, చెవులు ఎర్రగా చేసుకొని.

దారిలో అత్తను అడిగాను, ఎలా తెలిసిందని.

"నేసినంక కండెలు సుట్టేటోళ్లు సాంచాల ముచ్చట రాస్తరా? నువ్వు ఐదు దినాలు గోలీలు మింగినవ్. క్యాలెండర్ మీద గీతలు గీసినవ్. నాకు చెవులు పోయినయ్ గని కండ్లున్నయ్."

"మరి అడగలేదేం అత్తా?"

"నువ్వు దాసుకుంటున్నవని నేను గూడ దాసుకున్న."

ఇంటికి వచ్చాక పక్కింటి సత్యవ్వతో బతుకమ్మకు పూలు తేవాలని చెప్పి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ బయట గొళ్ళెం పెట్టింది. పూలు తేవడానికి ఆమెకు మూడు గంటలు పట్టింది. వచ్చినప్పుడు చేతిలో నాలుగు తంగేడు కొమ్మలున్నాయి.

రాజేందర్‌ను మర్నాడు వదిలారు. అప్పటినుంచి నా ముఖం చూడటం లేదు. ఇకమీదట నీ ఉత్తరాలు మారు మాటలు లేకుండా రాయవచ్చని అత్త చెప్పమంది.

నీ ఊర్మిల


కోరుట్ల,
2 అక్టోబర్ 2011

ఊర్మిలా, చిన్నవ్వా, ఇద్దరికీ,

అమ్మీకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె ఇంత నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. "గా అవ్వను నేను చూడాలె" అని ఒకటే పట్టు. నేను మాత్రం నవ్వాక కొంచెం ఏడ్చాను. మనం ఆమెను మోసం చేస్తున్నామని మురిసిపోతుంటే ఆమె మన వెనకాల కాపలా నిలబడింది.

ఇక సూటిగా రాస్తాను. బయటి ఇల్లు చేసేది మగ హార్మోను. ఆడవాళ్ళందరిలోనూ అది తయారవుతుంది, సిగ్గుపడాల్సిన పని లేదు. లోపలి కణాలు దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఆ మార్చే పని నీలో మందగించింది, అంతే. గుడ్డు బయటికి వెళ్ళాక ఆ ఖాళీ గది పాడుబడిపోదు. పసుపు రంగుకు తిరిగి, ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను చేస్తూ గర్భసంచిలో పరుపు వేసి ఉంచుతుంది. రెండు వారాలు ఎదురుచూస్తుంది. లోపల ఎవరైనా వచ్చి కుదురుకుంటే ఆ వచ్చినవాళ్ళే "నేనున్నాను, మూయొద్దు" అని కబురు పంపాలి. కబురు రాకపోతే గది మూతపడుతుంది, నెల వస్తుంది.

అక్టోబర్ పది దాటాలి. అప్పటిదాకా సంతోషంగా ఉండు, బరువులెత్తకు, రాజేందర్‌ను ఏడిపించకు. రెండోది కష్టమని తెలుసు.

తరన్నుమ్


సిరిసిల్ల,
11 అక్టోబర్ 2011

తరన్నుమ్,

వచ్చింది. ఈ పొద్దున వచ్చింది.

గంటసేపు బాత్రూంలో కూర్చున్నాను. ఆయన తలుపవతల నిలబడి పిలిచినా గడియ తీయలేదు. అన్ని నవ్వులూ నవ్వి, ఠాణా దాకా వెళ్ళి, చివరికి ఇదా అనిపించింది. నీ మీద కూడా కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, నీ చేతిరాత అందంగా ఉంటుందని కావచ్చు.

అత్త వచ్చి తలుపు బాదింది. ఆమె బాదితే తలుపు తీయక తప్పదు.

"ఎన్నో దినమే?"

"ఇరవై తొమ్మిది."

"ఐదేండ్ల సంది ఎన్నడన్న చెప్పిన దినానికి అచ్చిందా?"

లేదని తల ఊపాను.

"మరి కార్ఖాన నడుస్తున్నది బిడ్డా. నడిసే కార్ఖానను చూసి ఏడుస్తరా? బందున్నప్పుడు ఏడ్వాలె."

అని సత్యవ్వను పిలిచి బెల్లం పరమాన్నం వండించింది. నెల తప్పిందని పరమాన్నం వండే ఇళ్ళు చూశాను గానీ, వచ్చిందని వండింది మా అత్తే. తింటూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను.

తర్వాత క్యాలెండర్ దించి లెక్కపెట్టాం. ఈ రోజు మొదటి రోజైతే పద్నాలుగో రోజు ఇరవై నాలుగు. ఆయన విమానం పదిహేనున. తొమ్మిది రోజులు తక్కువ. అప్పుడు రెండు వారాలుగా నా ముఖం చూడని రాజేందర్ అరుగు మీదినుంచి గోడతో మాట్లాడినట్టు అన్నాడు.

"బస్సులు లెవ్వు. రైళ్లు గూడ బందు పెడ్తమంటున్నరు. మనిషి ఎయిర్‌పోర్ట్‌కు ఎట్ల పోతడు? సమ్మె అయ్యేదాంక పోలేడు. గదే రాసిస్త."

రాసిచ్చాడు. జేఏసీ లెటర్‌ప్యాడ్ మీద, రెండు ముద్రలు కొట్టి, "ఈ కార్మికుడు సమ్మె ముగిసిన వెంటనే బయలుదేరగలడు" అని. కంపెనీ మేనేజర్ టీవీలో మన రోడ్లు చూసి ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ ఫోన్‌లో అవే గోలీలు మళ్ళీ ఐదు రోజులు వేసుకోమంది. ఆ సంభాషణ కూడా వాడకట్టంతా విన్నది. ఇప్పుడు చౌరస్తాలో కూరగాయల గంగమ్మ కూడా నన్ను "ఎన్నో దినం బిడ్డా" అని అడుగుతోంది.

ఇక సమ్మె ఇరవై నాలుగు దాకా ఆగకుండా నడవాలి. అంతే మా కోరిక.

ఊర్మిల


కోరుట్ల,
18 అక్టోబర్ 2011

ఊర్మిలా,

నా మీద కోపం వస్తే రానీ. నీ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనప్పుడు నా దగ్గర పెట్టు, నేను దాచి ఉంచుతాను.

కానీ భయంగా ఉంది. ఒక్కొక్క సంఘమే సమ్మె విరమిస్తోంది. బస్సులు రోడ్డెక్కుతున్నాయని చెప్పుకుంటున్నారు. మా కాలేజీ గేటు కూడా రేపోమాపో తీస్తారు. నెల రోజులుగా ఎప్పుడు అయిపోతుందా అని చూసినదాన్ని, నిన్న మా లెక్చరర్ల మీటింగ్‌లో లేచి "ఇంకొక్క వారం" అని ఉపన్యాసం ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాలో ఇంత ఉద్యమం ఉందని తెలియదన్నారు. నీ అండాశయం ఉందని నేను చెప్పలేదు.

అమ్మీ ఐదు పూటలా దువా చేస్తోంది, రాష్ట్రం రావాలని, సమ్మె మాత్రం ఇరవై నాలుగు దాకా ఉండాలని. కంపెనీవాడు టీవీలో బస్సు చూడకుండా ఉంటే చాలు.

తరన్నుమ్


సిరిసిల్ల,
27 అక్టోబర్ 2011

తరన్నుమ్,

ఇరవై నాలుగు సాయంత్రం దాకా ఉద్యోగుల సమ్మె నడిచింది. నలభై రెండో రోజు. చీకటి పడుతుండగా టీవీలో వాయిదా వేశామని చెప్పారు. వీధిలో కొందరు బాధపడ్డారు, రాజేందర్ తిండి మానేశాడు. రాష్ట్రం రాలేదు, సమ్మె పోయింది. అతణ్ణి చూస్తే నాకు జాలేసింది. మా ఇంట్లో మాత్రం ఒక మనిషికి ఆ రోజు అవసరమైంది, ఆ రోజు దొరికింది. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం నాకు కష్టంగా ఉంది.

ఈసారి ఎవరూ అరెస్ట్ కాలేదు. గొళ్ళెం బయటినుంచి పడిందా అని అడగకు. పడింది.

ఆయన ఈ తెల్లవారుజామున వెళ్ళిపోయాడు. అత్త సంచిలో సకినాలు పెట్టింది. ఇల్లు చాలా పెద్దగా అనిపిస్తోంది.

నవంబర్ ఎనిమిదిన రావాలి. రాకపోతే మాత్రం ఏమని నమ్మాలి? నాకు రాకపోవడం కొత్తా? రెండు గీతల పట్టీలు నాకొద్దు, అవి నన్ను ఒకసారి మోసం చేశాయి. బస్సులు తిరుగుతున్నాయి కాబట్టి ఇరవై ఒకటిన జగిత్యాల వచ్చి రక్తం ఇస్తాను. రిపోర్టు నువ్వే తీసుకో. ఏదైనా సరే ఫోన్ చేయకు. ఉత్తరం రాయి. వాడకట్టు కంటే ముందు నేను చేత్తో పట్టుకోవాలి.

నీ ఊర్మిల


జగిత్యాల,
22 నవంబర్ 2011

ఊర్మిలా,

నిన్న బస్సెక్కాక నువ్వు కిటికీలోంచి నా చేయి వదల్లేదు. చిన్నవ్వ మాత్రం జగిత్యాల బస్టాండంతా వినేలా "మంచిగ రాయి బిడ్డా" అంది. ఆమె అడిగినట్టే మంచిగా రాస్తున్నాను.

రిపోర్టు మధ్యాహ్నం చేతికి వచ్చింది. ల్యాబ్ ఆయనకు అది ఒక అంకె. అందించి, తర్వాతి మనిషిని పిలిచాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. క్లాసుకు పోవాలి, పోలేదు. ఎన్నోసార్లు బోర్డు మీద బాణాలు గీసి ఈ పాఠం చెప్పాను. పైనుంచి కిందికి ఒక బాణం, కిందినుంచి పైకి ఒక బాణం. ఒక్కసారి కూడా నాకు కళ్ళు తడవలేదు.

కబురు వచ్చింది ఊర్మిలా. ఇన్నాళ్ళూ హుకుంలన్నీ పై ఆఫీసు నుంచే వచ్చాయి. ఈసారి లోపలికి వచ్చినవాళ్ళే పంపారు. మినపగింజంత మనిషి, "నేనున్నాను, మూయొద్దు" అంటోంది. పసుపు గది విని, మూయకుండా పని చేస్తోంది. నీకు నెల రాకపోవడం ఈసారి పాత బద్ధకం కాదు.

కాగితం దీనితో పాటు పెట్టాను. రెండు రోజుల్లో నీకు చేరుతుంది. ఆ రెండు రోజులూ ఈ సంగతి మోసేదాన్ని నేనొక్కదాన్నే. అమ్మీకి కూడా చెప్పలేదు. నీకు మాట ఇచ్చాను కాబట్టి ఫోన్ వైపు చూడకుండా కూర్చున్నాను. ఇంత కష్టమైన పని నా చేత ఎవరూ చేయించలేదు.

డాక్టరమ్మ చెప్పిన మందులు మానకు, స్కానింగ్‌కు వారంలో రా.

నీ తరన్నుమ్


సిరిసిల్ల,
25 నవంబర్ 2011

తరన్నుమ్,

నేను చేత్తో పట్టుకోవాలనుకున్నాను. కానీ టపా వచ్చేసరికి నేను పెరట్లో ఉన్నాను, రాజేందర్ అరుగు మీద ఉన్నాడు. అలవాటుగా విప్పి గట్టిగా మొదలుపెట్టాడు. "కబురు వచ్చింది" దాకా వచ్చాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఉత్తరం నా వైపు చాపి నిలబడ్డాడు. చౌరస్తాలో వెయ్యి మంది ముందు మైకు లేకుండా మాట్లాడినవాడికి ఆ నాలుగు వాక్యాలు చదవడం చేతకాలేదు.

అత్త వాడి ముఖం చూసింది, నా ముఖం చూసింది. చదవమని అడగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకొని, రొండిన ఉన్న సంచిలోంచి ఫోన్ తీసి, "పెద్దోనికి కలుపు" అంది.

ఆయన పనిలో ఉన్నాడు, క్రేన్ మీద. గాలి చప్పుడు వినిపించింది. అత్తే చెప్పింది. ఎలా చెప్పిందో నీకు తెలుసు, దుబాయికి ఫోన్ అవసరం లేని గొంతుతో. సత్యవ్వ బయటికి వచ్చింది, ఎదురింటి సాంచాలు ఆగాయి, గంగమ్మ కూరగాయల బుట్ట దించింది. నేను పేరు పెట్టి పిలిచాను.

అప్పుడు అడిగాడు. "ఎప్పటికి అమ్మా?"

"జులై నెల నడుమల" అంది అత్త.

తర్వాత "తమ్ముడున్నడా గాడ?" అన్నాడు.

"ఉన్న అన్న, చెప్పు" అని రాజేందర్ ఫోన్ దగ్గరికి వంగాడు.

"తమ్మీ, జులైల మళ్ల సమ్మె పెట్టుమని మీవోళ్లకు జెప్పరాదురా. మొన్న అచ్చిన్నని నాకు రెండేండ్ల దాంక సెలవియ్యరు."

స్పీకర్‌లో వాడకట్టంతా విన్నది. ఒక్కరూ నవ్వలేదు. రాజేందర్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకొని, నా ముందే ఏడుస్తూ, "పెడ్తమన్న. నేనే పెడ్త. నువ్వు వచ్చేదాంక తియ్యం" అన్నాడు.

నీ ఊర్మిల